తీగ పాకిన ఇల్లు

కొండలరాయుడనే గ్రామాధికారి పెరట్లో దూరదేశపు తీగ నాటాడు. అది పక్కింటి కుమ్మరి చెంచమ్మ గోడలోకి పాకింది. ఆమె కోయబోతే, "నా తీగ పాకినంత మేరా నాదే! కత్తి పెడితే చెయ్యి నరికిస్తా" అన్నాడు.

మట్టిగోడలో వేరు దూరితే గోడ నిలవదు, పిల్లలూ. ఒకనాడది కూలి ఆమె భర్త చనిపోయాడు. శవం తీగల్లో చిక్కుకుంది. కోయనిదే బయటికి రాదు.

చెంచమ్మ తిన్నగా రాయుడి కొడుకు పెళ్లిపందిట్లోకి వెళ్లింది.

"దొరా, మీ తీగ పాకిన ఇంట్లో శవముంది. ఇల్లు మీదైతే మైలా మీదే. పెళ్లి ఆపించండి."

రాయుడు బెదిరిపోయాడు. "ఛీ! ఆ ఇల్లు నాది కాదే!"

పందిట్లో పెద్దలంతా విన్నారు.

"అయితే అందులో తీగా మీది కాదు" అని చెంచమ్మ ఇంటికెళ్లి కొడవలి తీసింది. పెళ్లిబాజాలు మోగుతుండగా ఒక్కో తీగా కోసి, భర్తను బయటికి తెచ్చుకుంది.