మోకుమడుగు: మొదటివాడు లేని నీళ్ళు

సముద్రానికి అర మైలు ఇవతల, సరుగుడు తోటలు దాటాక, దిబ్బపాలెం పక్కన మోకుమడుగు ఉంది. బస్సు దిగి ఉప్పుకయ్యల గట్టు మీద నడిచి రావాలి. గుడి చిన్నది. పెంకుల కప్పు, రెండు కిటికీలు, లోపల సిలువ. గుడి వెనకాలే మడుగు. మామూలు రోజుల్లో ఆ నీళ్ళు నాచు పట్టి, పురుగు కూడా కదలనట్టు ఉంటాయి. ఏటా పునరుత్థాన పండుగ తరవాత వచ్చే పున్నమి ఉదయం మాత్రం అడుగు నుంచి బుడగలు లేచి, ఇసక పైకి తన్నుకొచ్చి, మడుగంతా ఒక్కసారిగా కదులుతుంది. ఆ వేళకు ఎక్కడెక్కడి నుంచో రోగులు వస్తారు.

వచ్చినవాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. నీళ్ళు కదిపేది దేవదూతా, సముద్రపు పోటా? ఇక్కడ ఎవరికైనా నయమైందా? ఈ క్షేత్రం ఆ రెండు ప్రశ్నల మీద నిలబడలేదు. ఎవరూ అడగని మూడో ప్రశ్న మీద, దాన్ని అడిగిన ఒక ఆడమనిషి మీద నిలబడింది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఈ చోటికి పేరూ లేదు. ఒక మేకల కాపరి, కాలు విరిగిన తన మేక కదిలే నీళ్ళలో పడి, కుంటకుండా బయటికి రావడం చూశాడట. ఆ కబురు పాకింది. జనం చేరారు. ఈ ప్రాంతపు క్రైస్తవుల బాగోగులు చూసే విచారణ గురువు వచ్చి, యెరూషలేములో బేతెస్ద కోనేరు ఎలాంటిదో మనకు ఈ మడుగు అలాంటిదని చెప్పి గుడి కట్టించారు. లేఖనంలో ఉన్న నియమమే ఇక్కడా నియమమైంది. నీళ్ళు కదలగానే ఎవరు మొదట దిగితే వారికే స్వస్థత. రెండోవాడికి తడి బట్టలు.

ఈ నియమంలోని క్రూరత్వం ఏళ్ళ తరబడి ఎవరికీ కనపడలేదు. పరిగెత్తగలిగినవాడు ముందు దిగుతాడు. పరిగెత్తలేనివాడికే కదా ఆ నీళ్ళు కావలసింది? మంచం మోసే మనుషులున్నవాళ్ళు గట్టు అంచున, ఎవరూ లేనివాళ్ళు వెనక. తోసుకున్నవాడికే దక్కితే అది కృప కాదు, కంట్రోలు దుకాణం. ఆ దుకాణంలోనైనా రెండో మనిషికి గింజలు దొరుకుతాయి. పైగా, దేవదూత నీళ్ళు కదిపే ఆ వాక్యం పాత చేతిరాత ప్రతుల్లో చాలావాటిలో లేదనీ, తరవాత ఎవరో చేర్చి ఉంటారనీ లేఖన పండితులే అంటారు. ఎవరో అంచున రాసుకున్న మాట కోసం మనం మనుషుల్ని తొక్కాం.

తొక్కాం అన్నది ఉత్త మాట కాదు. దిబ్బపాలెంలో ఫిలిప్పు తాత అని ఒక గుడ్డి ముసలాయన ఉండేవాడు. ఒక ఏడు నీళ్ళు కదలగానే జనం ఎగబడ్డారు. తాత కింద పడ్డాడు. మోకాటి లోతు నీళ్ళలో, వందమంది కాళ్ళ కింద, ఊపిరాడక చనిపోయాడు. ఆ రోజే, మొదట దిగిన ఒకామెకు చెవి వినిపించిందని గుడి గంట మోగించారు. గంట మోగుతున్నంతసేపూ తాత నీళ్ళలోనే ఉన్నాడు.

ఆ శవాన్ని మొదట చూసింది తెరేజమ్మ. ఆమె పాలెంలో వలలు బాగుచేసే మనిషి. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. పదకొండేళ్ళుగా ఏటా తమ్ముడు ఇన్నాసి వీపు మీద వచ్చి, గట్టున వెనక వరసలో కూర్చుని, ఎండిన కాళ్ళతో తిరిగి వెళ్ళేది. మడుగు మహిమలో ఆమెకు రవ్వంత అనుమానం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆమె అవిశ్వాసి కాదు.

తాతను పూడ్చిన ఆదివారం, పూజ అయ్యాక ఆమె గురువు గారిని ఆపింది.

"ఫాదరు గారూ, ఆ కోనేటి కాడ ముప్పై ఎనిమిదేళ్ళు పడున్నాయన ఆఖరికి నీళ్ళలోకి దిగాడా?"

"లేదమ్మా. ప్రభువు లేచి నడవమన్నారు, నడిచాడు."

"మరి ప్రభువు ఆయన్ని ఆ వరసలోంచి బయటికి తీశాడు కదండీ. మనమేంది, ఆ వరసే కాపాడుకుంటన్నాం?"

గురువు గారు ఇది విశ్వాస రహస్యమన్నారు. జవాబు లేనప్పుడు పెద్దలకు రహస్యాలు గుర్తొస్తాయి.

గుడి బయట బడి అయ్యవారు ఈ మాటలు విని నవ్వారు. ఆయన అద్భుతాలు నమ్మరు. "దేవదూతా లేదు, ఏమీ లేదు తెరేజమ్మా. ఇసక కింద బొరియ ఉంది, పోటు నీళ్ళు తన్నుకొస్తున్నాయి. నేను ఎప్పుడో చెప్పాను."

"ఎవరికి చెప్పారయ్యోరూ?"

"ఇంట్లో వాళ్ళకి చెప్పాను."

"తొక్కుకునేటప్పుడు గట్టు మీద నిలబడి చెప్పాల్సింది. మీ ఇంట్లో ఎవరూ చావలేదుగా."

నమ్మమనే పెద్దమనిషీ, నవ్వే పెద్దమనిషీ ఇద్దరూ పొడి బట్టలతోనే ఇంటికి వెళ్ళారు. ప్రశ్నించడం పాపం కాదని మనం గోడల మీద రాస్తాం. ప్రశ్న వేసి ఇంటికి పోవడం కచ్చితంగా పాపమే.

మరుసటి ఏడు పండుగ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం తెరేజమ్మ వల అల్లుతుంటే ఇన్నాసి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నీకో మాట చెప్పాలి. సముద్రం గవ్వల మిట్టని తడిపాక చుట్ట తాగేంత సేపటికి మడుగు కదులుద్ది. పాలెంలో వల లాగుడోళ్ళందరికీ తెలుసు. మొగిలి పొదల వైపు నించి నిన్నెత్తుకుని నేను ముందే నీళ్ళ పక్కన ఉంటా. గుడిపెద్ద వాళ్ళమ్మ మంచం లేపే లోపు నువ్వు తడిసిపోతావు."

"పదకొండేళ్ళు ఎందుకు చెప్పలేదురా?"

"నాయన వద్దన్నాడు. దేవదూతని పోటు లెక్కతో పట్టటం దొంగతనమన్నాడు. ఇప్పుడు నాయన లేడుగా."

తెరేజమ్మ చేతిలో దారం ఆగింది. మొదట దిగితే తనకు కాళ్ళు వస్తాయని ఆమె పూర్తిగా నమ్మింది. ఆ నమ్మకంతోనే అడిగింది.

"నేను దిగినాక వెనక వాళ్ళు ఏమైతారు?"

"తొక్కుకుంటారు. ఏటా ఉండేదేగా."

"ఫిలిప్పు తాత కూడా ఏటా ఉండేదేనా?"

ఇన్నాసికి కోపం వచ్చింది. "నీకు కాళ్ళు వద్దా?"

"కావాలి. తాతకి కళ్ళెంత కావాల్సొచ్చాయో నాకు కాళ్ళూ అంత కావాలి. పెద్దవల మోకు తెప్పించు."

ఇలాంటి చోట స్థల పురాణాల్లో కల వస్తుంది. తెరేజమ్మకు కల రాలేదు. ఆమెకు తోచింది వాళ్ళు రోజూ చేసే పని. పెద్దవలను ఒడ్డున నిలబడి పాలెమంతా కలిసి లాగుతుంది. మోకు అంటే ఆ వలకు కట్టే లావు తాడు. దాన్ని పట్టుకున్నాక ఒకడు ముందుకు ఉరికితే తాడు వాణ్ణి వెనక్కి గుంజుతుంది, ఒకడు తూలితే పక్కవాడి బలం వాణ్ణి నిలబెడుతుంది. దున్నేవాడికే భూమి అని నేర్చుకున్నవాళ్ళం, లాగేవాళ్ళ దగ్గర కూడా నేర్చుకోవలసింది ఉంది.

పున్నమి ఉదయం జనం వచ్చేసరికి లాగుడువాళ్ళు మడుగు చుట్టూ మోకు పట్టుకుని నిలబడి ఉన్నారు. రెండు కొసలూ ముడివేసి ఉన్నాయి. దిగేవాళ్ళు తాడు పట్టుకుని అందరితో దిగాలి, లేదా గట్టు మీద ఉండాలి. గుడిపెద్ద శౌరయ్య గారు తన తల్లిని మంచం మీద తెచ్చారు. ఆమెకు పక్షవాతం. ఆయన తాడు దగ్గర మంచం ఆపించి అరిచారు.

"ఎవరిచ్చారు మీకీ అధికారం? మీరు దేవుడి కార్యాన్నే చెడగొడుతున్నారు. ఒకేసారి దిగితే మొదటివాడెవరు? ఎవరికీ నయం కాదు. మా అమ్మ పాపం మీకే తగులుద్ది."

తెరేజమ్మ తన పక్కన మోకు మీద ఖాళీ చూపించింది. "ఆమెని ఇక్కడ దించండయ్యా. నాకూ కాళ్ళు లేవు, ఆమెకీ లేవు. జోడు కుదిరింది."

"నా తల్లి నీ పక్కనా?"

మంచం మీద నుంచి ముసలామె మాట వంకరగా వచ్చింది. "ముందు నన్ను దించరా శౌరీ. తరవాత తీరిగ్గా పోట్లాడుకో. నీళ్ళు నీ ముహూర్తానికి ఆగవు."

నీళ్ళు కదిలాయి. "హైలెస్సా" అని ఇన్నాసి అందుకున్నాడు. ఒక్కో కేకకు ఒక్కో అడుగు చొప్పున కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు, దగ్గువాళ్ళు, మంచాల వాళ్ళు, పాలెం వాళ్ళు, ఊళ్ళోవాళ్ళు అందరూ కలిసి దిగారు. అదివరకు ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్ళు ఒకే తాడు పట్టుకుని నడుము లోతులో నిలబడ్డారు. కాసేపటికి నీళ్ళు ఆగాయి. మళ్ళీ ఒక్కో అడుగు వేస్తూ బయటికి వచ్చారు. ఎవరి రోగంతో వాళ్ళే వచ్చారు. శౌరయ్య గారు "చూశారా" అన్నారు. ఆ ఏడు గంట మోగలేదు.

పాత కరపత్రాల్లో తెరేజమ్మ ఆ రోజు లేచి నడిచిందని అచ్చువేశారు. అది అబద్ధం. పుణ్యక్షేత్రం పేరుతో వేసిన అబద్ధం కాబట్టి మరింత సిగ్గుచేటు. ఆమె నడవలేదు. చనిపోయే దాకా గడప దగ్గర కూర్చునే వలలు అల్లింది. పెద్దవయసులో ఒక యాత్రికురాలు ఆమెను అడిగిందట, ఇన్నాసి చెప్పినట్టు ముందు దిగి ఉంటే నడిచేదానివి కదా, బాధ లేదా అని. "నడిచేదాన్నేమో. ఎవరి మీద అడుగేసి?" అంది తెరేజమ్మ.

ఆ మోకు వల్లనే ఈ చోటికి మోకుమడుగు అని పేరు వచ్చింది. ప్రతి ఏడూ లాగుడువాళ్ళు పండుగకు ముందు కొత్త తాడు పేనుతారు. ఇక్కడ ముందు వరస లేదు, ప్రత్యేక దర్శనం లేదు, ఎవరి సిఫారసూ చెల్లదు. మంత్రి గారి అత్తగారికైనా కుష్ఠు రోగి పక్కన ఖాళీ ఉంటే అదే స్థలం. నమ్మి వచ్చినవాళ్ళూ నమ్మక వచ్చినవాళ్ళూ ఒకే తాడు పట్టుకుంటారు. ఫలానా వారికి నయమైందని చెప్పి మీ చేతిలోని ఈ క్షేత్ర పుస్తకం ఎవరినీ ఊరించదు. అద్భుతం ఏదని మీరు అడిగితే మేము చెప్పగలిగింది ఒక్కటే. ఆ పున్నమి తరవాత ఇప్పటి దాకా ఈ మడుగులో ఒక్క మనిషి కూడా చనిపోలేదు.

దిగేవాళ్ళు తెల్లవారగానే గట్టు మీదికి రావాలి. చేతులతో పట్టుకోలేని వాళ్ళకు మోకును నడుముకు చుట్టి కడతారు. పక్కవాళ్ళు బయటికి వచ్చి కూర్చున్నాకే ఆ ముడి విప్పుతారు.