ఎలుగుబంటి చేదన్న గారెలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అందరికీ పొద్దున లేవగానే ఒకటే ఆలోచన. ఇవాళ టిఫిను ఏమిటి? పులి దగ్గర్నుంచి పిల్లి దాకా అదే గోల. అచ్చం మీలాగే అనుకోండి.

ఆ అడవిలో వాగు మలుపు దగ్గర ఒక పెద్ద మద్దిచెట్టు ఉంది. పొద్దున్నే నీళ్ళకి వచ్చేవాళ్ళంతా దాని ముందు నుంచే పోవాలి. ఆ చెట్టు కింద హోటలు పెడితే ఇక గిరాకీకి లోటుండదు. అందుకని ఆ చోటు నాకంటే నాకని హోటళ్ళ వాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టారు. చివరికి అడవికంతటికీ పెద్దయిన ఏనుగు తాత తొండం ఎత్తాడు.

"కొట్లాటలొద్దర్రా! టిఫిన్ల పోటీ పెడదాం. ఎవరి టిఫిను బాగుంటే చెట్టు కింద చోటు వాళ్ళది" అన్నాడు.

"మరి రుచి చూసేదెవరు తాతా?"

"ఇంకెవరు? మన గుబురయ్య!"

గుబురయ్య అంటే ఎలుగుబంటి. తేనె నాకి, అది ఏ పువ్వు తేనో చెప్పేసేవాడు. 'గుబురయ్య నాలుక తప్పు చెప్పదు' అని అడవిలో పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. కానీ అతనిలో ఒక బలహీనత ఉంది. ఎవరైనా "ఇంకొక్కటి" అని బతిమాలితే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం చేతకాదు.

పోటీకి ముగ్గురు వచ్చారు. కొంగ తెల్లమ్మ ఇడ్లీలు వేస్తుంది. కోతి కొండయ్య పెసరట్లు పోస్తాడు. మూడో ఆవిడ ఏదుపంది సూరమ్మ. ఆవిడ గారెలు వండుతుంది.

ఏదుపందిని ఎప్పుడైనా చూశారా? ఒళ్ళంతా ముళ్ళే. ఆ ముళ్ళు ఎక్కడ గుచ్చుకుంటాయో అని ఎవరూ సూరమ్మ దగ్గరికి వచ్చేవారు కాదు. తుమ్మపొదల వెనక ఎక్కడో ఉండేది ఆవిడ హోటలు. పాపం, ఆవిడ ఎవరినీ గుచ్చి ఎరగదు. రాలిన ముల్లొకటి శుభ్రంగా కడిగి గారెకి చిల్లు పెట్టుకునేది, అంతే. వండిన గారెలు వండినట్టే మిగిలిపోయేవి. తనూ, ఇద్దరు పిల్లలూ అవే తిని పడుకునేవారు.

"ఈ పోటీలో చోటు వస్తే సరే. రాకపోతే ఈ అడవి వదిలేసి కొండ అవతలికి పోదాం" అని పిల్లలతో చెప్పింది సూరమ్మ.

పోటీ రోజు వచ్చింది. ముగ్గురూ మద్దిచెట్టు కింద పొయ్యిలు పెట్టారు. గుబురయ్య మొదట తెల్లమ్మ ముందు కూర్చున్నాడు. ఒక ఇడ్లీ తిన్నాడు.

"ఎలా ఉంది అన్నయ్యగారూ?" అంది తెల్లమ్మ.

"వెన్నలా ఉంది తల్లీ."

"అయితే ఇంకొక్కటి! కారప్పొడి వేశాను, నెయ్యి వేశాను. వద్దంటే ఒప్పుకోను."

గుబురయ్య వద్దనలేదు. ఒకటి పోయి ఒకటి వచ్చింది. గిన్నె ఖాళీ అయ్యాక లేచాడు.

తరవాత కొండయ్య దగ్గరికి వెళ్ళాడు. పెనం మీద పెసరట్టు చుయ్యిమంది. అల్లం పచ్చడి ఘుమఘుమలాడింది.

"ఒక్క అట్టుతో లేస్తావా మావా? నా మీద ఒట్టే! ఉప్మా పెట్టి ఇంకోటి మడతపెడతా, ఉండు" అన్నాడు కొండయ్య.

గుబురయ్య ఉండిపోయాడు. అట్టు మీద అట్టు లోపలికి పోయింది. ఏనుగు తాత గొంతు సవరించుకున్నాడు.

"గుబురయ్యా, రుచి చూడమన్నాం గానీ కరువు తీర్చుకోమన్లేదయ్యా!"

"కాదంటే పాపం వాళ్ళు నొచ్చుకుంటారు పెద్దయ్యా" అన్నాడు గుబురయ్య, మూతి తుడుచుకుంటూ.

ఆఖరికి సూరమ్మ దగ్గరికి వచ్చేసరికి కూర్చోవడానికి కూడా పొట్ట అడ్డం వచ్చింది. సూరమ్మ ఎర్రగా వేగిన గారెలు ఆకులో పెట్టింది. పిల్లలిద్దరూ ఆమె వెనక నక్కి చూస్తున్నారు. గుబురయ్య ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నూనె వాసన గుప్పుమంది. కడుపులో తిప్పింది. మొహం వికారంగా పెట్టాడు.

"ఛీ, చేదు!" అన్నాడు.

అందరూ విన్నారు. సూరమ్మ మొహం పాలిపోయింది.

"చేదా? ఇంకొక్క ముక్క చూడండి అన్నయ్యా. పప్పు నేనే కడిగాను, నేనే రుబ్బాను."

ఇంకొక్క ముక్క పట్టే చోటు గుబురయ్య పొట్టలో ఎక్కడుంది? ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసింది. దాంతో కోపం తెచ్చుకున్నాడు.

"నా నాలుక తప్పు చెబుతుందా?" అని గద్దించాడు.

పెసరట్టే బాగుందని గుబురయ్య తేల్చాడు. చోటు కొండయ్యకి ఇచ్చేశారు. గారె మొహం చూడనివాళ్ళు కూడా "సూరమ్మ గారెలు చేదటగా!" అని చెప్పుకుంటూ పోయారు. సూరమ్మ మాత్రం ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. మిగిలిన గారెలు అడ్డాకులో కట్టి గుబురయ్య చేతిలో పెట్టింది.

"పోటీ సంగతి అలా ఉంచండి. మా పొయ్యి దగ్గరికి వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళకూడదు" అంది.

గుబురయ్య గుహకి వెళ్ళి పడుకున్నాడు. అలా ఇలా కాదు, మర్నాడు తెల్లవారేదాకా గురక పెట్టాడు. లేచేసరికి ఆకలి. పక్కన పొట్లం కనిపించింది.

"చేదైతేనేం, ఆకలికి రుచి తెలుస్తుందా?" అనుకుంటూ ఒక గారె కొరికాడు.

చల్లారిన గారె. అయినా లోపల దూదిలా ఉంది. అల్లం తగిలింది, మిరియం తగిలింది, కరివేపాకు తగిలింది. రెండోది తిన్నాడు. మూడోది తిన్నాడు. ఆకు కూడా నాకాడు. అప్పుడు గుబురయ్య గుండె ఝల్లుమంది.

"ఇవి చేదు కావు. నిన్నా చేదు కావు. నా కడుపే నిండిపోయింది!"

అప్పుడే గుహ ముందు నుంచి ఒక చిలుక అరుచుకుంటూ పోయింది. "సూరమ్మ మూటలు కట్టేసింది! వాగు దాటి వెళ్ళిపోతోంది!"

గుబురయ్య లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. నిజం చెబితే ఇన్నేళ్ళ పేరు ఏమవుతుంది? గుబురయ్య నాలుక తప్పు చెప్పిందని అడవంతా నవ్వదూ? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? గారెలు కూడా అయిపోయాయి, సాక్ష్యం లేదు. ఏమర్రా, మీరైతే ఏం చేస్తారు? ఇప్పుడే చెప్పొద్దులెండి.

గుబురయ్య ఆ ఖాళీ ఆకు వైపు చూశాడు. తన వంట చేదన్నవాడికి కూడా పొట్లం కట్టి ఇచ్చింది ఆ తల్లి. ఆవిడ వెనక నక్కిన పిల్లలు గుర్తొచ్చారు. అంతే, పరుగందుకున్నాడు.

తుమ్మపొదల వెనక చూస్తే పొయ్యి చల్లగా ఉంది. ఎవరూ లేరు. "అయ్యో, వెళ్ళిపోయిందే!" అని వాగు వైపు పడుతూ లేస్తూ పరిగెత్తాడు. వాగు ఒడ్డున సూరమ్మ కనిపించింది! ఆవిడ రుబ్బురోలు ఇసుకలో కూరుకుపోయింది. తల్లీ పిల్లలూ కలిసి తోస్తున్నా అది కదలడం లేదు. గుబురయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ముందు ఆ రోలుకి ఒక దణ్ణం పెట్టాడు.

"ఏం అన్నయ్యా, ఇంకా ఏమైనా చేదుగా ఉందా?" అంది సూరమ్మ, తలెత్తకుండానే.

"ఉందమ్మా. నిన్న నేనన్న మాటే చేదుగా ఉంది. దాన్ని నలుగురిలో అన్నాను. నలుగురిలోనే వెనక్కి తీసుకుంటాను, రా."

రోలు భుజానికెత్తుకుని మద్దిచెట్టు దగ్గరికి నడిచాడు. కొండయ్య పెసరట్ల కోసం అందరూ అక్కడే ఉన్నారు. గుబురయ్య దాచకుండా చెప్పేశాడు.

"గారెలు చేదు కావు. నేను మెక్కి మెక్కి వచ్చి రుచి చూశాను. 'చాలు' అనడం చేతకాక ఒకరి నోటి దగ్గర కూడు తీశాను. తప్పు నాది."

తలొంచుకుని నిలబడ్డాడు. ఇక నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"మరి నా చోటో?" అన్నాడు కొండయ్య, పెనం వాటేసుకుని.

"కడుపు నిండినవాడికి గారెలు చేదని పెద్దలు ఊరికే అన్నారా? రేపు పరగడుపున మళ్ళీ పోటీ. ఒక్కొక్కరి దగ్గర ఒక్క ముక్క" అన్నాడు ఏనుగు తాత.

"రేపు వేరే ఎవరినైనా పెట్టండి పెద్దయ్యా. నాకిక తీర్పు చెప్పే మొహం లేదు."

"నువ్వే చెప్పాలి. తన తప్పు తనే చెప్పిన నాలుక నీది. ఇప్పుడే దాని మీద నాకు నమ్మకం కుదిరింది."

ఆ మాటకి గుబురయ్య గుండెల మీద నుంచి పెద్ద బండ దిగినట్టయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు తెల్లమ్మ ఇడ్లీ ఒక ముక్క తిన్నాడు. "ఇంకొక్కటి" అంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కొండయ్య ఒట్లు పెట్టినా చెయ్యి తియ్యలేదు. సూరమ్మ గారె ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"చోటు సూరమ్మది" అన్నాడు.

సూరమ్మ పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని "ఇక మనం ఎక్కడికీ పోవక్కర్లేదర్రా" అంది. గారెల ఘుమఘుమలో ఇప్పుడు ముళ్ళ భయం ఎవరికీ గుర్తే లేదు. అందరూ ఎగబడి తిన్నారు. కొండయ్య కూడా తన అల్లం పచ్చడి తెచ్చుకుని నంచుకున్నాడు.

"చోటు పోయినందుకు కాదు మావా, ఇన్నాళ్ళూ ఆ తుమ్మపొదల వైపు పోనందుకు ఏడుపొస్తోంది నాకు" అన్నాడు నోటినిండా గారెతో.

సూరమ్మ గుబురయ్య దగ్గరికి వచ్చి "ఇంకొక్కటి వెయ్యనా అన్నయ్యా?" అని అడిగింది.

గుబురయ్య ఏనుగు తాత వైపు చూశాడు. "తీర్పు అయిపోయినట్టేగా పెద్దయ్యా?"

"అయిపోయిందిలే" అని నవ్వాడు తాత.

గుబురయ్య ఆకు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

నీతి: తప్పు మాట అన్నామని తెలిస్తే పరువు కోసం దాచకూడదు. ఒప్పుకుంటే మనకి ఒక పూట సిగ్గు, దాస్తే ఎదుటివారి బతుకే పోతుంది.