చెయ్యి వేసిన బండి

కొవ్వూరు చయనులుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా సందేహం అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "నాకు కాస్త పనుంది, తోడొస్తావా?" అనేవారు. ఆ పని కూరగాయల బజారులో కావచ్చు, పోస్టాఫీసులో కావచ్చు. వెళ్ళి వచ్చేసరికి కొందరికి సందేహం తీరేది, కొందరికి కాళ్ళు లాగేవి. రెండూ జరిగినవాళ్ళూ ఉన్నారు.

ఆ ఊళ్ళో మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టు పాండురంగానిది. ఆదివారాలు అతను చయనులుగారి దగ్గర గీత చెప్పించుకునేవాడు. అరవై దాటాక, ఒక ఉగాది నాడు కొట్టు తాళాలు కూతురు హైమ చేతికిచ్చాడు. హైమ బీకాం చదివింది, పెళ్ళయి అదే ఊళ్ళో కాపురముంటోంది. పాండురంగం తాళాలైతే ఇచ్చాడు గాని కుర్చీ ఇవ్వలేదు. అది గల్లాపెట్టె పక్కనే ఉండేది, అందులో తనుండేవాడు.

ఒక ఆదివారం పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా అతను కదల్లేదు.

"గురువుగారూ, ఓ మంచిరోజు చూసిపెట్టాలండి. కొట్టు మా మేనల్లుడికి అప్పజెబుదామని."

"మరి హైమ?"

"దానివల్ల కావడం లేదండి. ఏ మాట మీదా నిలబడదు. ఒక రేటు చెబుతుంది, అంతలోనే జారిపోతుంది. బేరం సగంలో ఉండగా నోరు పెగలదు. పైగా దాని చేతికి ఎముక లేదు. అలాగని నేను ఊరుకున్నానా? రోజూ ఓ చెయ్యి వేస్తూనే ఉన్నానండి. కొట్టు ఇలాగే నడిస్తే పేరు పోతుంది. దాన్ని మార్చడమా, మానడమా, మీరే చెప్పాలి."

కూతురంటే అతనికి ప్రాణం. తీసేస్తున్నానని దాని మొహం మీద చెప్పలేక, ముందు ముహూర్తం పెట్టించుకుంటే ఆ చెప్పేదేదో పంచాంగమే చెబుతుందని అతని ఎత్తు.

చయనులుగారు పంచాంగం తీశారు. కళ్ళజోడు పెట్టుకుని, తీసి, అటూ ఇటూ తిప్పి చూశారు. "దీని పుల్ల వదులైంది. రాజమండ్రిలో బిగించుకోవాలి. నీ కారులో తీసుకెళ్తావా?" అన్నారు.

ఆ కారు పాతది. హైమ ఇంటర్లో చేరిన ఏడు కొన్నాడు. దానికి పాండురంగం చేసినంత సేవ ఇంట్లో ఎవరికీ చేసి ఎరగడు. అలాంటిది ఆ రోజు గోదావరి వంతెన నడిమికి వచ్చేసరికి గర్రుమని అరిచి, వేసిన గేరులోంచి జారిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. వెనక లారీవాడు హారను మోగించి మరీ తిట్టాడు. చివరికి గేరు రాడ్డును పిడికిలితో అదిమిపట్టుకుని, చెమటలు కక్కుతూ, ఎలాగో రాజమండ్రిలో ఖాదర్ వలీ షెడ్డు దాకా చేర్చాడు.

ఖాదర్ వలీ అతనికి ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్కే. సాయంత్రానికి అంతా విప్పి చూసి, "గేరు బాక్సు పోయిందండి. రిపేరు దండగ, మార్చెయ్యాల్సిందే" అని ఖర్చు చెప్పాడు. ఆ అంకె విని పాండురంగం పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. కారు మొత్తం అమ్మితే వచ్చేదాంట్లో సగం అది. పోనీ అమ్మేద్దామా అంటే, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

"ఏం తక్కువ చేశానయ్యా దీనికి?" అన్నాడు, బండిని కాక మనిషిని అంటున్నట్టు. "వేళకి ఆయిలు మార్పించాను. ఇంకొకళ్ళ చేతికి ఇవ్వలేదు."

"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. గేరు పడ్డాక రాడ్డు మీంచి చెయ్యి తీసేత్తారా?"

"ఎందుకు తీస్తాను? ఎప్పుడూ చెయ్యి వేసే ఉంచుతాను. ఎప్పుడు ఏ అవసరమొస్తుందో!"

"అదేనండి మరి. పడ్డ గేరు మీద అత్తమానూ చెయ్యి బరువుంటే, లోపల దాన్ని పట్టుకునుండే ముక్క అరిగిపోద్దండి. అది అరిగాక ఏ గేరూ నిలబడదు."

నిలబడదు. ఆ మాట ఈమధ్యే ఎవరినోటో విన్నట్టనిపించింది పాండురంగానికి. ఎవరినోటో గుర్తు రాలేదు. గురువుగారి వంక చూశాడు. ఆయన కళ్ళజోడు ఉత్తరీయంతో తుడుచుకుంటున్నారు. కళ్ళజోళ్ళ కొట్టు మొహం ఇంకా చూడనే లేదు, పుల్ల మాత్రం శుభ్రంగా బిగువుగానే ఉంది.

ఖర్చు తలుచుకుంటే కడుపు మండినా, కారును వదులుకోవడానికి మనసొప్పక మార్చమనే చెప్పాడు. ఇద్దరూ బస్సులో తిరిగొచ్చారు. మర్నాడు ముహూర్తం మాటెత్తితే, "ముందు బండి రానీ" అన్నారు చయనులుగారు. బండి సిద్ధమైందని కబురొచ్చిన రోజు తనూ వస్తానని బయలుదేరారు.

తిరుగుదారిలో మళ్ళీ అదే వంతెన. కొత్త గేరు బాక్సు కిమ్మనకుండా పనిచేస్తోంది. రోడ్డు తిన్నగా ఉంది, ముందు బండి లేదు. పాండురంగం ఎడంచెయ్యి దానంతటది వెళ్ళి రాడ్డు మీద కూర్చుంది.

"పెట్టె కొత్తది నాయనా" అన్నారు గురువుగారు, కిటికీలోంచి గోదావరిని చూస్తూ. "చెయ్యి పాతదే."

చటుక్కున తీసేశాడు. తీశాడు గాని దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్టీరింగు మీద పెట్టాడు, అది మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కించాడు. చంటిపిల్లాడిలా ఆ చెయ్యి వంతెన పొడుగునా అతన్ని సతాయించింది. దాన్ని సముదాయించుకుంటూ ఉండగా కొట్టు గుర్తుకొచ్చింది. హైమ రేటు చెబుతుంది. తను కుర్చీలోంచి దగ్గుతాడు. కొనేవాళ్ళు తలలు ఇటు తిప్పుతారు. హైమ మాట మధ్యలో ఆగిపోతుంది. రోజూ అంతే. ఏనాడూ ఆ పిల్లను ఒక్క మాట పూర్తిగా చెప్పనిచ్చిన గుర్తు లేదు.

కొవ్వూరు చేరాక చయనులుగారు కొట్టు ముందు ఆపమన్నారు. "నాకో చెంబు కావాలి. నేనిక్కడే కూర్చుంటాను, నువ్వు తెచ్చిపెట్టు."

లోపల పెళ్ళివారు సారె సామాన్లు బేరమాడుతున్నారు. పెద్ద బేరం. గుండిగలు, బిందెలు నేలంతా పరిచి ఉన్నాయి. హైమ గట్టిగానే మాట్లాడుతోంది. "చూడండి పిన్నిగారూ, మొత్తం మీద నేను తగ్గించగలిగింది..." అంటూ గుమ్మంలో తండ్రిని చూసింది. మాట అక్కడే ఆగిపోయింది. పెళ్ళివారి తలలన్నీ ఇటు తిరిగాయి.

పాండురంగం గొంతులో దగ్గు సిద్ధంగా ఉంది. ఎడంచేతిని వెనక్కి పెట్టి కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"నన్ను చూస్తారేమిటండీ? కొట్టు మా అమ్మాయిది" అన్నాడు.

హైమ తండ్రిని ఎగాదిగా చూసింది. "నాన్నా, ఒంట్లో బాగానే ఉందా?" అంది. బాగానే ఉందమ్మా అన్నట్టు తలూపి, అలమారులోంచి చెంబొకటి తీసుకుని, కుర్చీవైపు చూడకుండా బయటికి నడిచాడు. మెట్లు దిగుతుంటే వెనక కూతురు ఆగిన మాట అందుకోవడం వినిపించింది. అతను వెనక్కి తిరగలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

కారెక్కి చెంబు గురువుగారి చేతికిచ్చాడు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "బేరం ఎంతకి తెగింది?" అని అడిగారు.

"నేను వినలేదండి."

"అయితే పోనివ్వు నాయనా" అన్నారు చయనులుగారు.