గొంతులు మింగిన చిలక

పిల్లలూ, దగ్గరికి జరిగి వినండి. చాలా చాలా కాలం కిందట కుసుమగిరి అనే రాజ్యాన్ని ధీరసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. "మా రాజ్యంలో ఎవరైనా ఏదైనా మాట్లాడవచ్చు" అని ఆయన ఊరూరా చాటింపు వేయించాడు. జనం అది నిజమేననుకున్నారు.

ఒకరోజు చెంగల్వ అనే రైతుపిల్ల కొలువుకు వచ్చింది.

"మహారాజా, మా ఊరి కాలువను మళ్ళించి మీ పడవ షికారుకు కొలను నింపుకున్నారు. మా పైర్లు ఎండిపోయాయి. మేము..." అంటూండగానే ఆమె గొంతు ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

"భయపడింది పాపం" అన్నాడు పెద్దకొడుకు.

"గొంతు బొంగురుపోయింది" అన్నాడు రెండోవాడు.

మూడోవాడు నీలకేతుడు మాత్రం, రాజు పక్కనున్న మాంత్రికుడు కరాళుడు పిడికిలి బిగించడం చూశాడు. చూసి కూడా నోరు మెదపలేదు. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు చెంగల్వ ఊరికి వెళ్ళాడు. అక్కడ ఆమెలాగే గొంతు పోయినవాళ్ళు ఇంకా పదిమంది ఉన్నారు. అందరూ కొలువులో మొర పెట్టుకున్నవాళ్ళే.

"మీ గొంతులు తెచ్చేదాకా కోటలో అడుగుపెట్టను" అన్నాడు నీలకేతుడు. చెంగల్వ అతన్ని నమ్మనట్టే చూసింది.

సముద్రం ఒడ్డున, లోకంలోని రహస్యాలన్నీ తెలిసిన ఒక ముసలి తాబేలు ఉండేది. మాటకూ మాటకూ మధ్య అది ఒక పూట ఆగేది. దాని మాట వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. నీలకేతుడు దాని దగ్గరికి వెళ్ళి, మూడు రోజులు పక్కనే కూర్చుని విన్నాడు.

"ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక చిలక ఉంది. కరాళుడి ప్రాణం అందులోనే ఉంది. వాడు దొంగిలించిన గొంతులూ అందులోనే ఉన్నాయి. చిలకను చంపితే అవీ చస్తాయి. దాని చేత ఒక్క నిజం పలికిస్తే వాడొక్కడే చస్తాడు" అని చెప్పి, తాబేలు అతన్ని వీపున ఎక్కించుకుంది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. బంగారు పంజరంలో చిలక కనిపించింది.

"మా రాజ్యం ఎలా ఉంది?" అని అడిగాడు.

"అంతా బాగుంది."

"మరి ఎండిన పైర్లు?"

"అంతా బాగుంది."

నీలకేతుడు పంజరం ముందు కూలబడ్డాడు. "ఆమె గొంతు పోతుంటే నేను చూశాను. మా నాన్నగారికి కోపం వస్తుందని ఊరుకున్నాను. జరిగేది ఆయనకూ తెలుసు. ఏమీ బాగాలేదు, చిలకా."

చిలక పంజరం ఊచల దాకా జరిగి వచ్చింది. "బాగాలేదు" అంది మెల్లగా.

అంతే, గొంతులన్నీ గువ్వల గుంపులా ఎగిరిపోయాయి. అక్కడ కొలువులో కరాళుడు నిలువునా బూడిదయ్యాడు. నీలకేతుడు పంజరం తెరిచి చిలకను వదిలేశాడు.

అతను తిరిగివచ్చేసరికి చెంగల్వ ఊరంతా కొలువు ముందుంది. రాజు ముఖం కందగడ్డలా ఉంది. "వీళ్ళను బయటికి గెంటండి" అన్నాడు.

నీలకేతుడు ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. "నాన్నగారూ, చాటింపు వేయించింది మీరే. ఆమె చెప్పడం పూర్తి కాలేదు. పూర్తయ్యేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

పెద్దన్న తలవంచుకుని వచ్చి తమ్ముడి పక్కన నిలబడ్డాడు. తర్వాత రెండోవాడూ వచ్చాడు. భటులు వెనక్కి తగ్గారు.

చెంగల్వ మధ్యాహ్నందాకా మాట్లాడింది, ఏదీ దాచుకోలేదు. చివరికి రాజు నీరసంగా అడిగాడు: "కొలను గట్టు తెగగొడితే నీళ్ళు ఎన్నాళ్ళకు చేరతాయమ్మా?"

"రెండు రోజులకు" అంది.

గట్టు తెగింది. అన్నలిద్దరూ ఒప్పుకోగా రాజ్యం నీలకేతుడికి వచ్చింది. అతను చెంగల్వను పెళ్ళాడతానని అడిగాడు.

"రాణినయ్యాక నన్ను నోరు మూసుకోమంటే?"

"అలా అన్న రోజున సింహాసనం దిగిపోతాను."

పెళ్ళి ఏడు రోజులు జరిగింది. వాళ్ళు అరవై ఏళ్ళు రాజ్యం చేశారు. జనం పన్నుల గురించి, దారుల గురించి, చివరికి రాజు మీసాల గురించీ తిట్టేవాళ్ళు. కొన్ని తిట్లు అన్యాయమైనవే. కొలువు ముగిసేసరికి నీలకేతుడికి తలనొప్పి వచ్చేది. చెంగల్వ అతని మాడుకు నూనె పెడుతూ, "రేపు ఇంకా ఎక్కువమంది వస్తారట" అనేది.

"రానీ" అనేవాడు.