గీత మీది కూత

అడవికీ ఊరికీ మధ్యనున్న వాగు ఎండితే చాలు, వేసవంతా ఆ ఇసుకలో జంతువులకు బంతాటే పని. బంతంటే ఎండిన తాటికాయ. అడవి జట్టొకటి, దొడ్డి జట్టొకటి. రిఫరీ మధ్యలో నిలబడి కూత పెడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి.

ఆటస్థలం అంచు గీత పక్కన పరుగెత్తుతూ తప్పు కనబడితే కూసే పని తీతువమ్మది. ఆ గీత దాటి మధ్యలోకి ఆ పిట్టను ఏనాడూ రానివ్వలేదు. ఒక్క పెద్దాటైనా మధ్యలో నిలబడి నడిపించాలని ఆమె కోరిక. కోరికేమిటి, ఆకలి అనండి.

ఆటలకు పెద్ద నక్క మామ. ఈ యేడూ వెళ్ళి అడిగింది.

"మామా, ఆఖరాటకు నేను నిలబడతాను."

"నిలబడుదువులే అమ్మాయ్. ముందు జింకతో సమానంగా పరుగెత్తి చూపించు."

చూపించింది. అదే పనికి పోటీపడుతున్న కోడిపుంజును మాత్రం ఎవరూ పరుగెత్తమనలేదు.

"సరే, గుడ్లు పెట్టావనుకో. పొదుగుతావా, ఆట నడుపుతావా?"

"మా ఆయనా నేనూ వంతులవారీగా పొదుగుతాం మామా. ఇప్పుడు ఆయనే కూర్చున్నాడు."

నక్క మామ తోక సర్దుకున్నాడు. "అదంతా సరేగానీ, తీతువు కూత అరిష్టమంటారు. నలుగురూ సరదాగా ఆడుకునేచోట అపశకునం ఎందుకు చెప్పు?"

వద్దనుకున్నవాడికి వంకలు కరువా! కోడిపుంజే రిఫరీ అయ్యాడు. "నేను కూస్తేనే లోకానికి తెల్లవారుతుంది, ఈ ఆటెంత!" అని రొమ్ము విరుచుకున్నాడు.

తీతువమ్మ కడుపు మండిపోయి దొడ్డి జట్టుకు గోలు కాసే బసవన్న దగ్గరికి వెళ్ళింది. మంచి ఎద్దు, పాపం. నెమరేస్తూ అంతా విన్నాడు.

"నీకు అన్యాయమే జరిగింది చెల్లెమ్మా."

"ఆ మాట నలుగురిలో అనరాదా అన్నా?"

"ఎందుకొచ్చిన గొడవ తల్లీ," అన్నాడు బసవన్న.

ఆఖరాటకు ముందొక ఆటలో నక్క మామ కొడుకు, ముంగాలు తగిలితే తప్పని తెలిసీ, తాటికాయను ముంగాలితో తోసి గోలు చేశాడు. కోడిపుంజు ఈకలు దువ్వుకుంటున్నాడు, చూడలేదు. గీత మీంచి తీతువమ్మ కూసింది. అలవాటు కొద్దీ అందరూ ఆగారు. గోలు రద్దయింది.

నక్క మామ సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి కొత్త కట్టుబాటు చెప్పాడు. "ఇకనుంచి గీత మీది కూత కూత కాదు. దానికి ఆగిన జట్టుకు ఒక గోలు కోత!"

అందరూ తలలూపారు. బసవన్న కూడా ఊపాడు. గంగిరెద్దు నయం, డోలు కొడితేగానీ ఊపదు.

ఇక చూడండి సాధన! తీతువమ్మ కూసేకొద్దీ పకపకా నవ్వుతూ ఇంకా జోరుగా ఉరికేవారు. ఆఖరాట నాటికి ఆ గొంతు వాళ్ళ చెవులకు గాలితో సమానమైపోయింది.

ఆఖరాటలో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. పొద్దు వాలుతోంది. పిల్లనక్క బంతితో బసవన్న మీదికి దూసుకొస్తున్నాడు. అప్పుడు గోలు వెనక జమ్ము గడ్డి కదలడం తీతువమ్మ చూసింది. గాలి లేదు. ఒక మచ్చల వీపు, దాని వెనక ఇంకొకటి.

"చిరుతలు! ఆగండి! పారిపోండి!"

"ఆగొద్దురా! మా వాడి గోలు ఆపడానికి దాని ఏడుపు!" అని నక్క మామ గట్టుమీంచి కేకేశాడు.

బసవన్న తలెత్తి తీతువమ్మ కేసి చూశాడు. ఆ గొంతులో అబద్ధం లేదని అతనికి తెలుసు. కాలు కదిలించబోయాడు.

"కదిలావంటే గోలు పోతుంది బసవన్నా!" అని జట్టంతా అరిచింది.

నలుగురి మాట కాదనడం ఏనాడూ చేతకాని బసవన్న మళ్ళీ తల దించి బంతిని చూశాడు. వెనకనుంచి వచ్చిన చిరుత అతని మెడ పట్టి ప్రాణం తీసింది. రెండోది పిల్లనక్కను నోట కరుచుకుని జమ్ములోకి పోయింది. లోకానికి తెల్లవార్చే కోడిపుంజు కూత మరిచి చెట్టెక్కాడు. గొంతు పోయేదాకా అరుస్తూ ఉన్నది తీతువమ్మ ఒక్కతే.

అంతా అయ్యాక కొడుకు అడుగులు పడిన ఇసుకలో నక్క మామ కూలబడ్డాడు.

"ఇంకాస్త గట్టిగా అరవలేకపోయావా?" అన్నాడు ఏడుస్తూ.

"నీకు వినబడలేదా మామా?"

"వినబడింది."

"మరి?"

నక్క మామ ఇసుకలోని ఒక అడుగుజాడను ముంగాలితో కప్పాడు. "వచ్చే యేడు మధ్యలో నువ్వే నిలబడమ్మా."

"నిలబడతాను. అది నాకెప్పుడో రావలసింది," అంది తీతువమ్మ బొంగురు గొంతుతో. "గోలు దగ్గర మా బసవన్నను నిలబెట్టు, ఆట మొదలుపెడదాం."

ఎవరు చెప్పారని చూసేవాడికి, ఏం చెప్పారో ఆఖర్నే తెలుస్తుంది.