పట్టి ఉంచిన సందేశం

ఆచార్య సలోమి గారు శిష్యులతో వాదించరు. ప్రశ్న అడిగినవారికి పని అప్పజెబుతారు.

ఆమె దగ్గర మస్తాన్‌వలి అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. నరాల జబ్బుతో చనిపోయిన ఒక అమ్మాయి చర్మం నుంచి లోగడ తయారుచేసిన, ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలను అతను పెంచుతున్నాడు. ఆ అమ్మాయి లేదు కనుక ఈ కణాలు పోతే మళ్లీ రావు. వాటిని నరాల కణాలుగా మార్చి, జబ్బు ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టాలని అతని తపన.

ఒక ఉదయం అతను విసుగ్గా అడిగాడు. "మేడమ్, నరాల కణంగా మారమని చెప్పే ఆర్‌ఎన్‌ఏ సందేశం వీటిలో ముందే తయారై ఉంది. ఒక ప్రోటీన్ దాన్ని అంటిపెట్టుకుని, అమలు కానివ్వడం లేదు. ఎదగవలసినదాన్ని ఆపడం అన్యాయం కాదా?"

"ఈ కణాలు పెరుగుతున్న పళ్లేలలో సగం నువ్వు తీసుకో. ఆ ప్రోటీన్‌ను తొలగించి చూడు" అన్నారామె. మిగిలిన సగం తన దగ్గరే ఉంచుకున్నారు.

కొద్ది రోజులకే మస్తాన్ కణాలు సన్నని పోగులు చాచి ఒకదాన్నొకటి అందుకున్నాయి. ప్రయోగశాలలో వాళ్లంతా వచ్చి మైక్రోస్కోపులో చూసి మెచ్చుకున్నారు. అతను ఆ రోజు భోజనం సంగతే మరిచిపోయాడు. వాటన్నిటినీ పరీక్షలకు వాడేశాడు కూడా. తీరా ఫలితాన్ని రూఢి చేసుకోవడానికి మరికొన్ని కావలసి వస్తే, పెంచడానికి అతని పళ్లేలలో మూలకణం ఒక్కటీ మిగల్లేదు. అన్నీ ఒక్కుమ్మడిగా మారిపోయాయి. నరాల కణం మరో కణాన్ని కనదు.

అతను తలవంచుకుని వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"మీరిచ్చిన సగంలో ఆ అమ్మాయిని రెండోసారి పోగొట్టాను మేడమ్."

ఆమె తన కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తెరిచి ఒక పళ్లెం అందించారు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అందులోనూ పోగులు చాచిన నరాల కణాలున్నాయి. వాటి పక్కనే గుండ్రటి మూలకణాలు గుంపులు కట్టి, ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

"వీటిలో ప్రోటీన్‌ను మీరు తీయలేదా?"

"లేదు. నరాల కణంగా మారమని పురిగొల్పే మందు కొద్దిగా కలిపాను. కొన్నిటిలో ఆ ప్రోటీనే సందేశాన్ని విడిచిపెట్టింది."

అతను మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగాడు. "అయితే అది అడ్డు కాదన్నమాట" అన్నాడు.

ఆమె మిగతా పళ్లేలు కూడా అతని చేతిలో పెట్టారు.

"అడ్డే మస్తాన్. కాకపోతే, వేళ తెలిసిన అడ్డు."