చదవకుండానే పడ్డ గుర్తులు

హైమావతి చేత్తో ఇచ్చిన నవల ఎవరూ చదవటంలేదు. ఆర్నెల్లుగా ఇదే ఆవిడ గోడు.

చెప్పడం రాక కాదు. చీరాల రైల్వేస్టేషను ఎదురుగా సుభానీ సాయిబు గారి అద్దె పుస్తకాల కొట్టులో ఆవిడ నోరు తెరిచిందంటే, అవతల రైలు కూత వేస్తున్నా జనం కదిలేవారు కాదు. నలభయ్యారేళ్ళ మనిషి, నచ్చిన నవల మాటొస్తే పదహారేళ్ళ పిల్ల అయిపోయేది. చేతులు తిప్పేది. గొంతు మార్చేది. విలన్ వచ్చినప్పుడల్లా బల్ల మీద ఒక్కటి చరిచేది.

ఆవిడ ఆ కొట్టులో పని నేర్చుకోవటానికి చేరింది. సాయిబు గారికి డెబ్భై నాలుగు. మోకాళ్ళు మాట వినటంలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నడిపిన కొట్టు ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. పుస్తకాలన్నీ తూకానికి పట్టుకుపోతానని పాత కాయితాలవాడు ఇప్పటికి రెండుసార్లు వచ్చి బీరువాలు చూసిపోయాడు.

సాయిబు గారు ఆవిడకి పెట్టిన షరతు ఒకటే. "నువ్విచ్చిన నవల ఒక్కళ్ళు చదివి, వచ్చి రెండోది ఇమ్మని నిన్నే అడగాలి. ఆ రోజునుంచి కొట్టు నీది. బడులు తెరిచేదాకా చూస్తాను."

ఒక్కళ్ళేం ఖర్మ, వందమందిని తెస్తాననుకుంది హైమావతి. ఆవిడ దగ్గర బ్రహ్మాండమైన నవల ఉంది మరి. పాతకాలం కోట కథ. కోటలో గుర్రాలు చూసుకునేవాడికీ, రాణిగారి రవికలు కుట్టే పిల్లకీ ప్రేమ. బయట శత్రువులు ముట్టడి వేసుక్కూచుంటే, లోపల గింజలు అయిపోతూ ఉంటే, ఆ మూణ్ణెల్లలో నడిచే కథ. ఆవిడ తన ఇంట్లో ఉన్న ప్రతిని తొమ్మిదిసార్లు చదివి, కొట్టుకి ఇంకోటి కొత్తది తెప్పించింది. కొట్టు గుమ్మం ఎక్కినవాళ్ళెవరినీ ఆ కథ చెప్పకుండా వదల్లేదు.

అందరూ వినేవారు. ఆస్పత్రిలో నర్సుగా చేసే సువార్తమ్మయితే డ్యూటీకి ఆలస్యమైనా సరే నిలబడి వినేది, కళ్ళు తుడుచుకునేది. "నీ నోరు పడిపోనూ, ఏడిపించి చంపావు కదే" అనేది. పుస్తకం పట్టుకెళ్ళేది. మర్నాడు పొద్దున్నే తెచ్చి ఇచ్చేసేది.

అందరూ అంతే. తీసుకెళ్ళడం, మర్నాడే తెచ్చేయడం. ఎలా ఉందంటే బాగుందనడం, మాట మార్చేయడం.

మే నెల వెళ్ళిపోవస్తోంది. ఓ మధ్యాహ్నం హైమావతి ఇంక ఆగలేకపోయింది. "లోపం నవల్లో ఉందా, నాలో ఉందా గురువుగారూ? మీరే తేల్చండి. మీకు చెప్తాను, వినండి" అంది.

సాయిబు గారు ఆ నవల ఇంకా చదవలేదు. కొట్టులోకి కొత్త పుస్తకం వస్తే జనం అందరూ చదివాకే తను చదవడం ఆయన పద్ధతి. సరే చెప్పమని గోడకి చేరగిలబడ్డాడు.

హైమావతి మొదలుపెట్టింది. ముట్టడి, ఆకలి, రవిక లోపలి అంచులో దాచి కుట్టిన జాబు, తెల్లగుర్రం చచ్చిపోవడం, అన్నీ చెప్పింది. చివర కోట తలుపులు తెరిచినప్పుడు ఆ పిల్ల ఎటు నడిచిందో కూడా చెప్పి, ఊపిరి పీల్చుకుంది.

ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. చెయ్యి చాచి ఆ నవల అందుకున్నాడు. తొమ్మిదో పేజీ తీసి, అంకె కింద పెన్సిలుతో ఒక సన్నటి సున్నా చుట్టి, పుస్తకం అరలో పెట్టేశాడు.

హైమావతి ఆ అర వంక చూసింది.

ఆ కొట్టులో ఒక అలవాటుంది. వందల నవలలు. అట్టలు ఊడి, పేర్లు చెరిగి, ఏది చదివారో ఏది చదవలేదో ఎవరికీ గుర్తుండదు. అందుకని చదివేసిన పుస్తకంలో ఎవరి పేజీలో వాళ్ళు ఒక గుర్తు పెట్టుకుంటారు, మళ్ళీ అదే పట్టుకుపోకుండా. తొమ్మిదో పేజీలో సున్నా సాయిబు గారిది.

"మీరు చదవలేదు కదండీ" అంది హైమావతి.

"అయిపోయింది కదమ్మా."

ఆవిడ విసురుగా లేచి ఆ నవల మళ్ళీ బయటికి లాగింది. నలభయ్యో పేజీ తీసింది. సువార్తమ్మ పెట్టే నీలం గీత ఉంది. పన్నెండులో మగ్గం నేసే కామేశ్వరరావు పెట్టే కుంకుమ చుక్క. డెబ్భైలో ఎవరిదో ఇంటూ మార్కు. వెతికేకొద్దీ పద్నాలుగు గుర్తులు దొరికాయి. పుస్తకం మాత్రం నడుం విరగలేదు. మధ్యలో రెండు కాయితాలు ప్రెస్సులో కోతపడక అంటుకునే ఉన్నాయి, వాటిని ఎవరూ విడదీయలేదు.

ఆవిడ పుస్తకం మూసి మళ్ళీ అరలో పెట్టేసింది.

బడులు తెరవడానికి వారం ఉందనగా సువార్తమ్మ తన చెల్లెలి కూతురు తనూజని వెంటబెట్టుకొచ్చింది. తొమ్మిదో తరగతికి వచ్చిందిట. పుస్తకం మొహం చూడదుట. "గంటసేపు ఫోను లాక్కుంటే గుడ్లురిమి చూస్తోంది. ఏదోటి ఇవ్వు తల్లీ" అని పిల్లని అక్కడ వదిలేసి మందుల షాపుకి వెళ్ళింది.

తనూజ ఆవలించింది.

హైమావతి కళ్ళు మెరిశాయి. ఈ వయసు పిల్లలకని దాచిపెట్టిన నవల ఒకటుంది. చటుక్కున తీసింది. "ఒక గురుకులం హాస్టలు. అచ్చం నీ ఈడు పిల్ల. దానికి అస్సలు పడని పిల్లతో ఒకే గదిలో ఉండాల్సొస్తుంది. రోజూ తగువే. ఓ తెల్లవారుజామున లేచి చూస్తే ఆ రెండో పిల్ల లేదు. దిండు కింద ఒక ఉత్తరం ఉంది. అందులో..."

ఆగిపోయింది.

"అందులో?" అంది తనూజ.

హైమావతి గొంతులో కథంతా వచ్చి నిలబడింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. సాయిబు గారు వీధిలోకి చూస్తున్నాడు.

"ఆంటీ, ఉత్తరంలో ఏముంది?"

"నాకు తెలుసు" అంది హైమావతి. "చెప్పను."

"అదేంటీ!"

హైమావతి పుస్తకం ముందుకి తోసింది. పిల్ల గుర్రుగా చూసింది. పెద్దమ్మ వచ్చేలోపే గుమ్మం మీద కూచుని మొదటి పేజీ తిప్పింది.

మూడోరోజు పొద్దున్న కొట్టు తలుపు సగం తీస్తుండగానే తనూజ వచ్చేసింది, జడ కూడా వేసుకోకుండా. ఆయాసపడుతూ మొదలెట్టింది. ఉత్తరంలో ఏముందో, ఆ పిల్ల ఎందుకు వెళ్ళిందో, వార్డెను ఎంత దొంగదో, వర్షంలో బస్సు దిగినప్పుడు తనకి ఏడుపు ఎలా ఆగలేదో, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పుకుపోయింది. బస్సు కండక్టరు పేరు తప్పు చెప్పింది. హైమావతి దిద్దలేదు. ఆ నవల పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మనిషి, అప్పుడే వింటున్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. నిజంగానే అప్పుడే విన్నట్టుంది ఆవిడకి.

అంతా చెప్పి, పిల్ల బల్ల మీదికి వంగింది. "ఇంకోటి ఇవ్వండాంటీ. పెద్దవాళ్ళదైనా ఫర్వాలేదు. ఏడిపించేదైనా సరే."

హైమావతి అరలోంచి కోట నవల తీసి చేతిలో పెట్టింది. "కోటలో గింజలు అయిపోతుంటాయి" అంది. అంతే. పిల్ల రోడ్డు దాటుతూనే పేజీలు విడదీసుకుంటోంది.

ఆవిడ సంబరంగా లోపలికి తిరిగింది. సాయిబు గారు ఎప్పుడూ ఉండే చోట లేడు. బల్లకి ఇవతల, పాఠకులు నిలబడే వైపు, చేతికర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

"నాకూ ఒకటివ్వమ్మా" అన్నాడు.

"ఎలాంటిది గురువుగారూ?"

"దేని గురించి చెప్పకుండా నువ్వు ఉండలేవో, అలాంటిది."

హైమావతి వెనక బీరువాలో చాలాసేపు వెతికి ఒక పుస్తకం తీసింది. పెదవులు రెండూ బిగబట్టి, రెండు చేతుల్తో ఆయనకి అందించింది.